తవుడుతో పాటు పోయిందేమిటి?

ఈ మధ్య ఏ నలుగురు ఆడవాళ్ళం కలిసినా మాట అన్నం మీదికే వస్తోంది. ఒకరు రాత్రిపూట అన్నం మానేశామంటారు. ఇంకొకరు కొర్రలకి మారామంటారు. మరొకరు ముడి బియ్యం తెప్పించి రెండు రోజులు వండి, పిల్లలు ముట్టకపోతే డబ్బాలో పోసి పక్కన పెట్టేశామంటారు. నెల్లూరులో కూర్చుని ఈ మాటలు వింటుంటే కాస్త విడ్డూరంగానే ఉంటుంది. తమిళంలో 'నెల్' అంటే వడ్లు, అందుకే మన ఊరికి ఆ పేరొచ్చిందనేవాళ్ళున్నారు. 'నెల్లి' అంటే ఉసిరి చెట్టు, దాన్నిబట్టి వచ్చిందనేవాళ్ళూ ఉన్నారు. పేరు సంగతి ఎలా ఉన్నా, పెన్న నీళ్ళతో పండిన నెల్లూరు మొలగొలుకులంటే ఎక్కడెక్కడో ఉన్నవాళ్ళు కూడా ఇష్టంగా తిన్నారు. 1855లో పెన్న మీద ఆనకట్ట కట్టిన దగ్గరనుంచి ఈ డెల్టా బతుకంతా వరి చుట్టూనే తిరిగింది. అలాంటి చోట అన్నం ఇప్పుడు ముద్దాయిలా బోనులో నిలబడింది.

అన్నాన్ని తిట్టే ముందు, ఈ నూట పాతికేళ్ళలో మన బియ్యానికి ఏం జరిగిందో ఒకసారి చూడాలనిపించింది. ఆ కథ మన కోస్తాలోనే నడిచింది. అందులో ఒక ముఖ్యమైన మనిషి పుట్టింది నెల్లూరులోనే.

రోకలి ఉన్న రోజులు

మిల్లులు రాకముందు వడ్లు బియ్యం అయ్యేది ఆడవాళ్ళ చేతుల మీదే. వడ్లు ఎండబెట్టాలి, రోట్లో పోసి దంచాలి, చాటలో వేసి చెరగాలి, మళ్ళీ దంచాలి, నూకలు వేరు చేయాలి. ఊక ఒక పక్క, తవుడు ఒక పక్క, చిట్టు ఒక పక్క. రోకలి పోట్లకి గింజ మీది పైపొట్టు ఊడిపోయేది గాని, లోపలి ఎర్రటి పొర పూర్తిగా పోయేది కాదు. ఎంత ఓపికగా దంచినా మిల్లు బియ్యం అంత తెల్లగా రావు. ఆ మిగిలిన పొరే దంపుడు బియ్యానికి బలం. అయితే దంచే మనిషికి ఆ సంగతి తెలియదు. ఆమెకి తెలిసిందల్లా భుజాల నొప్పి, అరచేతుల్లో కాయలు.

డిగ్రీలో తెలుగు చదివినప్పుడు రోకటి పాటల గురించి పాఠం ఉండేది. లయ, భావం, జానపద సౌందర్యం అని పరీక్షలో రాశాం. ఆ పాటలు పుట్టింది అలుపు మరిచిపోవడానికి అన్న సంగతి కూడా అందులోనే ఉంది. తెల్లవారుజామున లేచి, ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ఇంటిల్లిపాదికీ ఆ పూటకి సరిపడా దంచడం అంటే మాటలా? 'ఆ రోజుల్లో ఆడవాళ్ళకి వ్యాయామం వేరే అక్కర్లేదు' అని ఎవరైనా మురిసిపోతూ అంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. నెలలు నిండినా, ఒంట్లో బాగాలేకపోయినా తప్పనిది చాకిరీ అవుతుంది గాని వ్యాయామం ఎలా అవుతుంది?

అందుకే మిల్లు వచ్చినప్పుడు ఆడవాళ్ళు ఊపిరి పీల్చుకుని ఉంటారు. అది న్యాయమే కూడా. పందొమ్మిదో శతాబ్దం చివర్లో, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వరి పండే ప్రాంతాలన్నిటికీ యంత్రాల మిల్లులు వచ్చాయి. బియ్యం మల్లెపూవుల్లా తెల్లబడ్డాయి. తెల్లన్నం తినడం గొప్పింటి గుర్తయింది. తవుడు ఇంటికి రావడం మానేసింది.

కాళ్ళు లాగేసే జబ్బు

అప్పుడే మన కోస్తాలో ఒక జబ్బు గట్టిగా కనిపించడం మొదలుపెట్టింది. కాళ్ళల్లో తిమ్మిర్లు, నడవలేకపోవడం, కాళ్ళు నీరు పట్టి ఉబ్బడం, ముదిరితే గుండె ఆగిపోవడం. మనం బడిలో 'బి1 విటమిన్ లోపం వల్ల వచ్చే వ్యాధి' అని ఒక్క మార్కుకి బట్టీపట్టిన బెరిబెరి ఇదే. మద్రాసు రాష్ట్రంలో దీనికి నిలయం మనకు ఉత్తరాన ఉన్న సర్కారు జిల్లాలు. వరి బంగారంలా పండే చోటే అన్నం తినేవాళ్ళకి ఈ జబ్బు!

దీని సంగతి తేల్చడానికి 1918లో నీలగిరి కొండల్లోని కూనూరులో, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒకే ఒక గదిలో చిన్న పరిశోధనశాల పెట్టారు. పెట్టినవాడు రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టరు. దాని పేరే బెరిబెరి విచారణ. అక్కడ తేలిన ముఖ్యమైన విషయం మన వంటింటిదే. అన్నం తమిళులూ తిన్నారు, మన తెలుగువాళ్ళూ తిన్నారు. మిల్లు బియ్యం వాళ్ళూ తిన్నారు, మనమూ తిన్నాం. కాని వాళ్ళు ఎక్కువగా తిన్నది ఉప్పుడు బియ్యం. మనవాళ్ళు తిన్నది పచ్చి బియ్యం.

ఉప్పుడు బియ్యం అంటే వడ్లని నానబెట్టి, ఆవిరి పట్టించి, ఆరబెట్టి తర్వాత ఆడించినవి. నానేటప్పుడు, ఉడికేటప్పుడు తవుడు పొరలో ఉన్న బి1 కొంత గింజ లోపలికి దిగుతుంది. ఆ తర్వాత మిల్లులో ఎంత తెల్లగా చేసినా ఆ దిగినది లోపలే ఉంటుంది. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళ పాత పట్టికల్లో లెక్క చూడండి. 100 గ్రాముల దంపుడు పచ్చి బియ్యంలో బి1 విటమిన్ 0.21 మిల్లీగ్రాములు. అవే మిల్లులో ఆడిస్తే 0.06. ఉప్పుడు బియ్యం మిల్లులో ఆడించినా 0.21 మిగులుతుంది. ఇక తవుడులో ఎంతంటే 2.7!

మనిషికి రోజుకి ఒక మిల్లీగ్రాముకి పైనే కావాలి. పూటపూటకీ మిల్లు బియ్యమే, పక్కన పలచటి పులుసో పచ్చడో తప్ప ఇంకేమీ లేని ఇంట్లో రోజుకి నాలుగు వందల గ్రాముల బియ్యం తిన్నా పావు మిల్లీగ్రాము రాదు. అందులోనూ ఈ విటమిన్ నీళ్ళలో కరిగిపోయే రకం. మూడు నాలుగు సార్లు తెల్లగా కడిగి, అన్నం వార్చి గంజి పారబోస్తే ఉన్న కాస్తా అటే పోతుంది. తవుడు, కడుగు నీళ్ళు, గంజి అన్నీ కుడితి తొట్టిలోకి చేరేవి. గేదెకి దక్కిన బలం ఇంటి మనిషికి దక్కలేదు. పాడి ఉన్న ఇంట్లో అది పాలుగా తిరిగొచ్చేది. పాడి లేనివాళ్ళకి అదీ లేదు.

తెల్లన్నం తిన్న కోళ్ళు, నెల్లూరు బిడ్డ

కూనూరు పరిశోధనశాలకంటే చాలా ముందే ఇండోనేషియాలోని జావాలో ఐక్‌మన్ అనే డచ్చి డాక్టరు బెరిబెరి క్రిమి కోసం వెతుకుతున్నాడు. ఆయన పెంచుతున్న కోళ్ళు ఉన్నట్టుండి కాళ్ళు పడిపోయి కూలబడ్డాయి. కొన్నాళ్ళకి వాటంతటవే లేచి తిరగసాగాయి. ఆరా తీస్తే తేలిందేమిటంటే, ఆ మధ్య వాటికి సైనిక ఆసుపత్రిలో మిగిలిన తెల్లన్నం పెట్టారు. తర్వాత వచ్చిన కొత్త వంటవాడు సైనికుల అన్నం కోళ్ళకి పెట్టనన్నాడు. మళ్ళీ ముడి బియ్యం వేయగానే కోళ్ళు కోలుకున్నాయి. ఆ వంటవాడి పిసినారితనం ప్రపంచానికి మేలు చేసింది. 1929లో ఐక్‌మన్‌కి నోబెల్ బహుమతి వచ్చింది.

తవుడులో ఏదో ఉందని తెలిసింది. ఆ ఏదో ఏమిటి? దాని వెంటపడినవాడు రాబర్ట్ విలియమ్స్. 1886లో నెల్లూరులో పుట్టాడు. తల్లిదండ్రులు అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు. ఆ మిషన్ 1840 నుంచీ నెల్లూరులో ఉంది. చిన్నతనంలోనే అమెరికా వెళ్ళి చదువుకుని, రసాయన శాస్త్రవేత్తగా ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో ఉద్యోగంలో చేరాడు. 1910లో అక్కడి సైనిక వైద్యుడు వెడర్ తవుడు నుంచి తీసిన కషాయం తెచ్చి, ఇందులో జబ్బు తగ్గించేది ఏమిటో కనిపెట్టమని అడిగాడు. బెరిబెరితో కొన ఊపిరి మీదున్న చంటిబిడ్డలు ఆ తవుడు కషాయం చుక్కలు పడగానే గంటల్లో తేరుకోవడం విలియమ్స్ చూశాడు. ఆ దృశ్యం చూసిన మనిషి దాన్ని వదిలిపెట్టగలడా?

వదల్లేదు. తర్వాత అమెరికాలో టెలిఫోన్ కంపెనీ ప్రయోగశాలలో ఉద్యోగం చేస్తూ, తీరిక వేళల్లో తవుడు మీదే పని చేశాడు. ఈలోగా 1926లో జావాలో ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ పదార్థాన్ని స్ఫటికంగా వేరు చేశారు. 1936లో విలియమ్స్ దాని నిర్మాణం తేల్చి, ప్రయోగశాలలో తయారుచేసి చూపించాడు. మొదలుపెట్టిన ఇరవై ఆరేళ్ళకి! థయమిన్ అన్న పేరు పెట్టింది కూడా ఆయనే. మనం తినే బి కాంప్లెక్స్ మాత్రలో మొదటి పేరు అదే. దాని వెనక ఉన్నవాడు మన ఊళ్ళో పుట్టాడని నెల్లూరులో ఎంతమందికి తెలుసు?

తల్లి కంచం

ఈ చరిత్రలో నన్ను కదిలించిన భాగం ఇంకొకటుంది. మెక్‌కారిసన్ తర్వాత కూనూరు పరిశోధనశాలకి పెద్దగా వచ్చిన ఎయ్‌క్రాయిడ్, కృష్ణన్ అనే మరో శాస్త్రవేత్తతో కలిసి 1941లో మద్రాసు రాష్ట్రపు బెరిబెరి ప్రాంతంలో పసిపిల్లల చావుల గురించి ఒక వ్యాసం ప్రచురించారు. పుట్టిన కొత్తలో బిడ్డలు పోవడం ఆ కాలంలో అన్నిచోట్లా ఉంది. కాని ఈ ప్రాంతంలో గండం గడిచి బొద్దుగా ఎదుగుతున్న బిడ్డలు కూడా రెండో నెల నుంచి ఐదో నెల మధ్యలో ఎక్కువగా పోతున్నారు. కారణం తల్లి పాలలో బి1 లేకపోవడం. తల్లి ఒంట్లోనే లేనిది పాలలోకి ఎక్కడనుంచి వస్తుంది?

ఇప్పుడు మన ఇళ్ళల్లో బాలింత పథ్యం గుర్తు చేసుకోండి. పప్పు పెట్టకూడదు, వాతం. కూరలు పెట్టకూడదు, బిడ్డకి పడవు. చాలా ఇళ్ళల్లో పెట్టేది తెల్లన్నంలో కాస్త కారప్పొడి, కాస్త నెయ్యి. బి1 దొరికే దారులన్నీ మూసేసి, పాలు మాత్రం పట్టమన్నాం. దిష్టి తగిలిందని, బాలారిష్టమని ఎందరు తల్లులు గుండెలు బాదుకున్నారో! పథ్యం పెట్టిన అత్తలు, అమ్మలు ప్రేమతోనే పెట్టారు. వాళ్ళకి తెలిసింది అంతే. కాని ప్రేమ ఒక్కటే చాలదని ఈ చరిత్ర చెబుతోంది.

దానికి తోడు మామూలు రోజుల్లోనైనా ఇంట్లో ఆడవాళ్ళు తినేది ఆఖరున. మగవాళ్ళకి, పిల్లలకి చేప ముక్కలు, గట్టి పప్పు పోయాక గిన్నె అడుగున మిగిలేది పులుసు. అన్నం మాత్రం మిగులుతుంది. అంటే ఆ ఇంట్లో తెల్లన్నం మీద అందరికంటే ఎక్కువగా బతికింది ఆమే. కరువు బియ్యంలోనే ఉందనుకుంటాం గాని, సగం కరువు వడ్డనలో ఉంది.

మళ్ళీ రోకలి ఎత్తాలా?

గాంధీగారు 1934లో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం పెట్టినప్పుడు దంపుడు బియ్యం గురించి గట్టిగా ప్రచారం చేశారు. మన ఇందుకూరుపేట దగ్గర పల్లిపాడులో పెన్న ఒడ్డున ఉన్న ఆశ్రమాన్ని 1921లో ఆయనే వచ్చి ప్రారంభించారు, కాబట్టి ఈ మాటలు మన జిల్లాకి కొత్తవి కావు. స్వతంత్రం వచ్చాక 1958లో దంపుడు పనివాళ్ళని కాపాడటానికి మిల్లుల మీద నియంత్రణ పెడుతూ చట్టం కూడా చేశారు. 1997లో దాన్ని రద్దు చేశారు. చట్టం ఉన్నా రోకలి తిరిగి రాలేదు. ఎందుకొస్తుంది? దంచమని చెప్పేవాళ్ళు ఎక్కువ, దంచాల్సింది మాత్రం మనం.

బెరిబెరి మన దగ్గర దాదాపు మాయమైంది. పప్పు, పాలు, గుడ్లు, కూరలు ఎక్కువమందికి అందుబాటులోకి రావడం దానికి ఒక పెద్ద కారణం. కూనూరులో ఒక గదిలో మొదలైన ఆ బెరిబెరి విచారణే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకి తరలివచ్చి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. మన కోస్తా జబ్బుతో పుట్టిన సంస్థ ఇవాళ దేశమంతటికీ ఏం తినాలో చెబుతోంది. 2024లో వాళ్ళు ఇచ్చిన సూచనల్లో ఒకటి ఇది: రోజు మొత్తం శక్తిలో బియ్యం, గోధుమ, చిరుధాన్యాలన్నీ కలిపి 45 శాతానికి మించకూడదు. మన మామూలు భోజనంలో అన్నం వాటా అంతకంటే ఎక్కువే. వందేళ్ళ కిందట తెల్లన్నం ఒక్కటే తినడం వల్ల కాళ్ళు పడిపోయాయి, ఇప్పుడు అదే తింటూ కదలకుండా కూర్చోవడం వల్ల షుగర్ వస్తోంది. జబ్బు మారింది గాని కంచం పెద్దగా మారలేదు.

రేషన్ బియ్యంలో ఆ గింజలు

విలియమ్స్ కథకి ఒక కొసరు ఉంది. విటమిన్ కనిపెట్టడంతో ఆయన ఆగలేదు. 1948లో ఫిలిప్పీన్స్‌లోని బటాన్‌లో విటమిన్ పట్టించిన గింజల్ని మామూలు బియ్యంలో కొద్దిగా కలిపి జనానికి అందించారు. అక్కడ బెరిబెరి చావులు బాగా తగ్గాయి. ఈ మధ్యకాలంలో మన రేషన్ బియ్యంలో వందకి ఒకటి చొప్పున కలిపిన బలవర్ధక గింజలు ఆ ఆలోచనకి వారసులే. వాటిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 ఉంటాయి. నీళ్ళలో తేలుతున్నాయని, ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అవి బియ్యప్పిండితో చేసినవే, ప్లాస్టిక్ కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశపు ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అలాంటప్పుడు ఆ గింజలు ఏరి పారేయడం ఎవరి నోటి దగ్గరిది తీసేసినట్టు? మీ ఇంట్లో పనికి సాయం వచ్చే అమ్మాయికి ఈ ఒక్క మాట చెప్పండి. తలసేమియా లాంటి జబ్బున్నవాళ్ళు మాత్రం డాక్టర్ని అడిగి తినాలి.

వంటింట్లో చేయదగ్గవి

ముడి బియ్యానికి ఒక్కసారిగా మారితే ఇంట్లో గొడవే. సింగిల్ పాలిష్ బియ్యంతో మొదలుపెట్టండి, లేదా మామూలు బియ్యంలో మూడోవంతు కలపండి. ముడి బియ్యం గంటసేపు నానబెట్టి, నీళ్ళు కాస్త ఎక్కువ పోస్తే మెత్తగా ఉడుకుతాయి. తవుడులో నూనె ఉంటుంది కాబట్టి నిల్వ ఉంటే ముక్క వాసన వస్తుంది. నెలకి సరిపడా మాత్రమే తెచ్చుకోండి.

బియ్యం ఒకటి రెండు సార్లు కడిగితే చాలు. వార్చకుండా అత్తెసరు పెట్టండి. మన కుక్కరు చేసేది అత్తెసరే, కాబట్టి అందులో వండేవాళ్ళు ఆ మేరకు మంచి పనే చేస్తున్నారు. వార్చే అలవాటుంటే గంజిలో ఉప్పు, మజ్జిగ కలిపి తాగండి. షుగర్ ఉన్నవాళ్ళు దాన్ని కూడా అన్నం లెక్కలోనే వేసుకోవాలి. పప్పు త్వరగా ఉడకాలని సోడా వేయకండి, బి1 చచ్చిపోతుంది.

ఉప్పుడు బియ్యమంటే మనవాళ్ళు మూతి విరుస్తారు. బజార్లో దొరికే ఇడ్లీ రవ్వ చాలావరకు ఉప్పుడు బియ్యం రవ్వేనని గుర్తుపెట్టుకోండి. వారానికి రెండు మూడు రోజులు ఇడ్లీ తింటే ఆ పుణ్యం కొంత దక్కినట్టే.

బి1 కోసం బియ్యం మీదే ఆధారపడనక్కర్లేదు. 100 గ్రాముల నువ్వుల్లో ఒక మిల్లీగ్రాము, వేరుశెనగల్లో 0.9, కొర్రల్లో 0.59, పెసరపప్పు, కందిపప్పుల్లో 0.45కి అటూ ఇటూ ఉంటుంది. నువ్వుల పొడి, పెసరట్టు, ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు మన ఇళ్ళల్లో కొత్తవేమీ కావు. చేపల పులుసు వండిన రోజు అన్నం ఒక గరిటె తగ్గించి ముక్క ఒకటి ఎక్కువ వేసుకోండి. ఆ ముక్క మీ కంచంలో వేసుకోమంటున్నాను, వడ్డించమని కాదు.

ఇక రోకలి పోయిన చోట ఏం పెట్టుకోవాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది పెద్దవాళ్ళకి వారానికి కనీసం 150 నిమిషాలు కాస్త చురుకైన కదలిక, రెండు రోజులు కండరాలకి పని. అంటే వారానికి ఐదు రోజులు అరగంట చొప్పున, మాట్లాడగలిగినా పాడలేనంత వేగంగా నడవడం. స్వర్ణాల చెరువు గట్టు మీదైనా, మేడ మీదైనా ఒకటే. కండరాలకి జిమ్ అక్కర్లేదు. కుర్చీలో నుంచి చేతులు ఆనకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, రెండు లీటర్ల నీళ్ళ సీసాలు భుజాల పైకి ఎత్తడం చాలు. మోకాళ్ళ నొప్పులు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్ని అడిగి మొదలుపెట్టండి. రోకలి దంచింది ఇంటి కోసం. ఈ అరగంట మన కోసం. ఇంటిపని చేస్తున్నాం కదా అని దీన్ని వదిలేయకండి.

ఇంట్లో బాలింత ఉంటే పప్పు పెట్టండి, ఆకుకూర పెట్టండి, గుడ్డు తినేవాళ్ళయితే గుడ్డు పెట్టండి. పథ్యం గురించి పెద్దవాళ్ళు మాట్లాడితే ఈ కోస్తాలో ఒకప్పుడు మూడో నెలలో, నాలుగో నెలలో పోయిన బిడ్డల సంగతి నెమ్మదిగా చెప్పండి. వాళ్ళు వింటారు. వాళ్ళల్లో చాలామంది తమ చిన్నప్పుడు అలాంటి బిడ్డల్ని చూసే ఉంటారు.